1918 మహమ్మారిని ‘స్పానిష్ ఫ్లూ’ అని ఎందుకు అంటారు? అది స్పెయిన్‌లోనే పుట్టిందా?

ఆ జబ్బు స్పెయిన్‌లో పుట్టినందువల్ల కాదు, దాని గురించి అక్కడి పత్రికలు దాచకుండా రాసినందువల్ల ఆ పేరు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడుతున్న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా వంటి దేశాలు సైనికుల, ప్రజల మనోధైర్యం దెబ్బతింటుందని ఇటువంటి వార్తలను అదుపు చేశాయి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో యుద్ధకాలపు ఆంక్షలు అంతగా లేవు. పైగా 1918 మే నెలలో రాజు 13వ అల్ఫోన్సో, కొందరు మంత్రులు కూడా మంచం పట్టడంతో ఆ వార్త ప్రపంచమంతా పాకింది. తమ ఊళ్లలోని జబ్బు గురించి చదవని వారు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ గురించి మాత్రం చదివారు.

నిజానికి అదే ఏడాది మార్చిలోనే అమెరికాలోని కాన్సాస్ సైనిక శిబిరంలో కేసులు నమోదయ్యాయి. స్పెయిన్ వారేమో అప్పట్లో జనం నోట నానుతున్న ఒక పాటను బట్టి దాన్ని ‘నేపుల్స్ సైనికుడు’ అన్నారు. 

మన దేశంలో ఇదే జబ్బును ‘బొంబాయి జ్వరం’ అన్నారు. అది బొంబాయిలో పుట్టలేదు, ఓడరేవు గుండా లోపలికి వచ్చింది. పేరులో ఊరు కనబడగానే దాన్నే పుట్టినచోటు అనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. చాలాసార్లు అది జబ్బు మొదట బయటపడిన చోటు మాత్రమే.