జిప్సీ నెత్తిన స్టెప్నీ వద్దు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మారుతి జిప్సీ బాగుంది, కొత్త టైర్లు ఇంకా బాగున్నాయి. మీ అత్తయ్యకి చూపిస్తే "ఆ నెత్తి మీద చక్రమేమిటండీ, గంప ఎత్తుకున్నట్టు?" అంది. నా చూపూ అక్కడే ఆగింది. తలుపుకి పట్టడం లేదని స్టెప్నీని టాప్ మీద క్యారియర్‌లో కట్టేశావు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను.

ముందు కొలతలు చూడు. జిప్సీకి కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్15, అంటే వెడల్పు 205 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 15 అంగుళాలు. నిలబెడితే 668 మి.మీ. ఎత్తు. నువ్వు వేసింది 235/75 ఆర్15, అంటే 733 మి.మీ. ఎత్తు ఆరున్నర సెంటీమీటర్లు పెరిగింది, వెడల్పు మూడు. చెప్పుకుంటే చాలా తక్కువ. కానీ తలుపు మీద బ్రాకెట్ ఉన్నచోటే ఉంది కదా, దాని మధ్య నుంచి లెక్కేస్తే టైరు 33 మి.మీ. కిందికి దిగి బంపర్‌ని రాసుకుంటుంది. లోపలి వైపు 15 మి.మీ. లావెక్కి తలుపు రేకుని నొక్కుతుంది. నీకు పట్టకపోవడానికి కారణం ఇంతే. ఇక బరువు. మన పాత స్టెప్నీని ఒకసారి కాటా మీద పెడితే 20 కిలోల దగ్గర తూగింది. నీలాంటి మడ్ టైరు, ఇనప రిమ్ము కలిపితే 27 దాకా వస్తుంది.

ఆ 27 కిలోలనీ నువ్వు తీసుకెళ్లి బండిలో అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టావు. జిప్సీ వెడల్పు 1,540 మి.మీ. మాత్రమే, ఎత్తేమో అంతకన్నా ఒక అడుగు ఎక్కువ. కింద కమాను కట్టలు. పొడుగ్గా సన్నగా ఉన్న బండికి నెత్తిన బరువు పెడితే, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లో ఒక్కో మలుపుకీ అది బయటికి లాగుతుంది. క్యారియర్ బరువు దీనికి అదనం. అది పోనీ. వర్షంలో, రాత్రిపూట, పక్కన మనిషి లేకుండా పంచరైతే? తడిసిన 27 కిలోల చక్రాన్ని తల కన్నా ఎత్తు నుంచి ఒక్కడివే దించాలి, మళ్లీ పంచరైన దాన్ని పైకెక్కించాలి. నీ వయసుకి చేస్తావు, కాదనను. నడుము పట్టేసిన రోజున నన్ను తలుచుకుంటావు.

"అయితే బ్రాకెట్ పైకి జరిపి, మధ్యలో ఒక ప్లేటు పెట్టి తలుపుకే బిగిస్తా" అంటావని తెలుసు. నేనూ అదే చేశాను. ఇరవై ఏళ్ల కిందట నా జిప్సీకి పెద్ద టైర్లు వేసినప్పుడు, వెల్డింగ్ షాపులో ఒక ప్లేటు చేయించి బ్రాకెట్‌ని రెండంగుళాలు పైకి, ఒక అంగుళం బయటికి తెచ్చాను. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత తలుపు వేసేటప్పుడు కొంచెం పైకెత్తి వేయాల్సి వచ్చేది. గతుకుల్లో టకటకమని చప్పుడు. రబ్బరు అరిగిందిలే అనుకున్నాను. ఒక వానాకాలం రంపచోడవరం దాటి వెళ్తుంటే చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. దిగి చూస్తే బ్రాకెట్ బోల్టుల చుట్టూ తలుపు రేకు చిరిగిపోయి, చక్రం ఒకవైపుకి వేలాడుతోంది. కొబ్బరితాడుతో కట్టి మారేడుమిల్లి చేరాను. టింకరింగ్‌కి అయిన ఖర్చు ఇప్పుడు చెప్పను, అత్తయ్య ఈ ఉత్తరం చదువుతుంది.

తప్పు తలుపుది కాదు. అది 20 కిలోలకి తగ్గ రేకు, తగ్గ మడతబందులు. మనం బరువూ పెంచాం, ఆ బరువుని బయటికీ జరిపాం. చేతిలో బిందె ఒంటికి ఆనించి మొయ్యడం వేరు, చెయ్యి చాచి మొయ్యడం వేరు. పైగా బ్రాకెట్ ఎత్తితే వెనక అద్దం సగం మూసుకుపోతుంది. 215/75 టైరుతో ఆగి ఉంటే నేనే తలుపుకి పెట్టుకోమనేవాణ్ణి, దాని ఎత్తు 703 మి.మీ.యే. రేకు లోపలి వైపు ఒక మందపాటి ప్లేటు, టైరు ఆనుకోవడానికి రెండు రబ్బరు దిమ్మలు చాలేవి. 235కి మాత్రం వద్దు.

(మాటవరసకి ఒకటి. స్టెప్నీ అనే మాట మనం ఎంత సొంతం చేసుకున్నామో చూడు. 1904లో వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో, స్టెప్నీ వీధిలో ఇద్దరు అన్నదమ్ములు విడి చక్రం తయారు చేసి అమ్మారు. అది చక్రం మార్చే ఏర్పాటు కూడా కాదు, పంచరైన చక్రానికే పక్కన బిగించే రిమ్ము. వీధి పేరు మన మెకానిక్‌ల నోట ఇంకా ఆడుతోంది.)

బండి కింద పెట్టే ఆలోచన అసలు చెయ్యకు. వెనక కింద పెట్రోల్ ట్యాంకు ఉంది. చోటు దొరికినా రాళ్ల దారిలో మొదట తగిలేది ఆ చక్రమే. పాత ల్యాండ్ రోవర్లకి బానెట్ మీద పెట్టేవాళ్లు, చూడ్డానికి దర్జాగా ఉంటుంది, నిజమే. జిప్సీ బానెట్ రేకు దానికి చాలదు, ఎదురుగా గుంట కూడా కనబడదు.

ఇద్దరే వెళ్లే ప్రయాణాలకైతే లోపలే మంచిది. వెనక పక్క సీట్లు మడిచేసి, ముందు సీట్ల వెనకాలే, వీలైనంత కిందికి, పడుకోబెట్టు. బరువు రెండు ఇరుసుల మధ్యకి వచ్చేస్తుంది. కానీ కట్టాలి. సామాన్ల మధ్య ఇరికించడం కట్టడం కాదు. బ్రేకు గట్టిగా పడితే జారుతుంది, దేన్నైనా గుద్దితే ఆ 27 కిలోలు వందల కిలోల బలంతో నీ వీపు మీదికి వస్తాయి. నేల రేకుకి కింద పెద్ద వాషర్ ప్లేట్లు వేసి నాలుగు కొక్కేలు బిగించి, రెండు రాట్చెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు) అడ్డంగా వేయాలి.

కానీ నువ్వు కోడలినీ పిల్లాణ్ణీ తీసుకుని లంబసింగి, వంజంగి తిరగాలంటున్నావు. కాబట్టి నీకు సరిపడేది బంపర్ మీద తిరిగే చెయ్యి. తలుపుతో సంబంధం లేకుండా, ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, బిగించిన వెనక బంపర్ మీద ఒక ఇరుసు నిలబెట్టి, దానికి గేటులాగా తెరుచుకునే చెయ్యి పెట్టి, చక్రం ఆ చేతికి తగిలించడం. ముందు గేటు తీసి, తర్వాత తలుపు తియ్యాలి. రెండు పనులు అని విసుక్కుంటావు, అలవాటైపోతుంది.

ఇందులోనూ లెక్క ఉంది. బంపర్, చెయ్యి కలిసి 35 కిలోలు అనుకో, చక్రంతో 62. అది వెనక చక్రాల ఇరుసుకి సుమారు మీటరు అవతల వేలాడుతుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2,375 మి.మీ. తక్కెడలాగా చూస్తే ముందు చక్రాల మీద 26 కిలోలు తగ్గి, వెనక 88 కిలోలు పెరుగుతుంది. తడి ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తే కారణం అదే. అందుకని నాలుగు జెర్రీ క్యాన్లు, గొడ్డలి, పార అంటూ ఆ గేటుకి ఇంకేమీ తగిలించకు. బొమ్మల్లో చూసి మోజుపడే వస్తువులు అవి.

చేయించేటప్పుడు నువ్వు దగ్గరుండి చూడాల్సినవి ఉన్నాయి. గేటు ఇరుసుకి ఉత్త పైపులో పైపు వేస్తామంటే ఒప్పుకోకు. వీల్ హబ్‌లో ఉండే రకం బేరింగులు రెండు, గ్రీజు ఎక్కించడానికి నిపుల్ ఉండాలి. గేటు కూడా తలుపు తెరుచుకునే వైపుకే తెరుచుకోవాలి, లేకపోతే మధ్యలో దూరి సామాను తియ్యాలి. మూసినప్పుడు చేతి రెండో కొస ఒక ఏటవాలు దిమ్మ మీదికి ఎక్కి కూర్చోవాలి. బరువంతా ఆ దిమ్మ మొయ్యాలి, ఇరుసు కాదు. నూటికి తొంభై గేట్లు చప్పుడు చేసేది ఈ దిమ్మ లేకే. తెరిచినప్పుడు గాలికో, వాలుకో వెనక్కి వచ్చి నీ వేళ్లు నలగకుండా ఒక గడియ పెట్టించు. టైరు అడుగు బంపర్ అడుగు కన్నా కిందికి దిగకూడదు. నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు కనబడాలి, మూసుకుపోతే పక్కకి జరిపించు.

వెల్డింగ్ బండి మీద చేయించకు. ఛాసిస్‌కి ప్లేట్లు వేసి బోల్టులతోనే బిగించాలి. వెల్డింగ్ అంతా బల్ల మీద జరగాలి. బండి దగ్గర ఒక చుక్క వెయ్యాల్సి వచ్చినా బ్యాటరీ తీసి, ట్యాంకు దించాకే.

అయ్యాక పరీక్ష తేలిక. టైరు పైభాగం రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపు. బండంతా ఊగాలి. టైరు ఒక్కటే ఊగితే మళ్లీ పని ఉందన్నమాట. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఇంకోసారి బిగించు.

"ఇంత గొడవెందుకు, పాత చిన్న టైరే స్టెప్నీగా తలుపుకి ఉంచుకుంటా" అనొచ్చు. అది చెడ్డ ఆలోచన కాదు, కాకపోతే ఒక నియమం ఉంది. చిన్న టైరు వెనక ఎప్పుడూ వెయ్యకు. ఆరున్నర సెంటీమీటర్ల తేడాతో వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే పళ్లచక్రాల పెట్టె) ఊరికే తిరిగి తిరిగి వేడెక్కుతుంది. వెనక పంచరైతే ముందు చక్రం ఒకటి తీసి వెనక్కి వేసి, చిన్నది ముందు వెయ్యి. ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం ఇచ్చే గేరు) వెయ్యకుండా, నెమ్మదిగా, దగ్గర్లోని పంచర్ షాపు దాకా. అంటే చీకట్లో రెండు చక్రాలు మార్చాలి, అదీ బురదలో ఫోర్ వీల్ లేకుండా బయటపడాలి. పట్నంలో తిరిగే వాళ్లకి సరే, నీకు కుదరదు.

ఇంకో రెండు మాటలు. జాకీ పాతదే అయితే ఈ టైర్లకి ఎత్తు చాలదు, ఒక మందపాటి చెక్క దిమ్మ బండిలో పడెయ్యి. స్పీడు మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతోందని గుర్తుపెట్టుకో. ఆర్టీఓ ఆఫీసులో కూడా ముందే అడుగు. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లతో టెన్షన్ పడేకంటే అది నయం.

మన లేత్ షాపు ఆయనతో మాట్లాడాను. వచ్చే ఆదివారం కాకుండా ఆపై ఆదివారం ఖాళీ అన్నాడు. బండి తెచ్చేటప్పుడు ఆ చక్రాన్ని టాప్ మీద నుంచి దించి, లోపల పడుకోబెట్టి, బెల్టులేసి తీసుకురా. పెట్రోలు అయిదు లీటర్లకి మించి ఉండనియ్యకు, ట్యాంకు దించాల్సి రావచ్చు.

మీ మావయ్య