మోడల్ విమానాలకు రంగు వేస్తే పిట్ట డీలా పడుతోంది.. హాబీ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 38. విజయవాడలో చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నాం. సెలవు రోజుల్లో ప్లాస్టిక్ కిట్లతో 1:72 స్కేల్ యుద్ధ విమానాలు తయారు చేస్తుంటాను. ఇప్పుడు మిగ్-21 నడుస్తోంది. హాల్లోనే ఎయిర్ బ్రష్‌తో (రంగును గాలితో తుంపరగా చిమ్మే పరికరం) రంగు కొడతాను. ఇంట్లో ఒక పిల్లి, పంజరంలో రెండు లవ్‌బర్డ్స్ ఉన్నాయి. పోయిన ఆదివారం రంగు వేసిన సాయంత్రం ఒక పిట్ట ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుండిపోయింది. మర్నాటికి తేరుకుంది. నాకూ తలనొప్పి వచ్చింది. మానేయమంటారా డాక్టర్ గారూ?
- ఒక పాఠకుడు

పశువైద్యుని సలహా: మానక్కర్లేదండీ. కానీ పంజరాన్ని ఇవాళే వేరే గదికి మార్చండి. రంగు వేసే గదిలో అది ఇక ఉండకూడదు.

పిట్టల ఊపిరితిత్తులు మనలాంటివి కావు. వాటికి తోడుగా గాలి సంచులు ఉంటాయి. లోపలికి పీల్చినప్పుడూ, బయటికి వదిలినప్పుడూ కూడా రక్తంలోకి ప్రాణవాయువు చేరుతూనే ఉంటుంది. ఎగరడానికి అంత శక్తి కావాలి కదా. పీల్చే గాలిలో, రంగును పలచన చేసే థిన్నర్ ఆవిరి ఉంటే అదీ అంతే జోరుగా ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు జాడ తెలుసుకోవడానికి 1986 దాకా కానరీ పిట్టలను వాడింది ఇందుకే. మీకు తలనొప్పి తెచ్చిన గాలినే ఆ పిట్ట కూడా పీల్చింది. అది పరీక్షించకుండా ఖాయంగా చెప్పగలిగేది కాదు గానీ, నా అనుమానం మాత్రం రంగు మీదే. తేరుకుంది కదా అని ఊరుకోవద్దు. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. ఒకసారి పక్షులను చూసే డాక్టరుకు చూపించండి.

ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మీకు కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులకు మారితే ఘాటు బాగా తగ్గుతుంది, అయినా ఆ తుంపర పీల్చదగినది కాదు. బాల్కనీలోనో, గాలి బయటికి పోయే గదిలో తలుపు మూసుకునో కొట్టండి. ఆరడానికి పెట్టిన మోడల్ కూడా అక్కడే ఉండాలి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మట్టంలో పేరుకుంటుంది. పిల్లి పడుకునేది అక్కడే.

పిల్లి విషయంలో నాకు అసలు భయం దాని నాలుక. ఒంటిమీద ఏది పడినా నాకేస్తుంది, దాని కాలేయం చాలా రసాయనాలను మనంత తేలిగ్గా విరగ్గొట్టలేదు. బొచ్చుకు రంగు అంటితే థిన్నర్‌తో, టర్పెంటైన్‌తో తుడవకండి. వంటనూనె రాసి మెత్తబడ్డాక, గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లతో కడగండి. సూపర్ గ్లూ అంటుకుంటే లాగకండి, చర్మం ఊడొస్తుంది. ఆ బొచ్చును జాగ్రత్తగా కత్తిరిస్తే చాలు. థిన్నర్ తాగిందని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం అసలు వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ప్రమాదం. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.

మోడల్ విమానం తోక మీదకు వాలకుండా బరువు కోసం దాని ముక్కులో సీసం గుళ్లు పెడుతుంటే మానేసి, ఇనుప నట్లు వాడండి. సీసం పొరపాటున మింగితే విషం. కత్తిరించిన ప్లాస్టిక్ ముక్కలు సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి, ముక్క మింగిందని అనుమానం వస్తే ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. ఉప్పు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

ఈసారి పిట్ట నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. ఆ గంటలోనే తీసుకెళ్లండి.