క్వాంటం గేటు పరీక్షకు 0, 1 చాలవా?

ప్రశ్న: బరంపురంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం క్లౌడ్‌లో అందుబాటులో ఉన్న ఒక క్వాంటం కంప్యూటరుపై 0, 1లను తారుమారు చేసే ఎక్స్ గేటును పరీక్షించాను. 0 పంపితే 1, 1 పంపితే 0 దాదాపు ప్రతిసారీ వచ్చాయి. అది చాలదని, ప్రాసెస్ టోమోగ్రఫీ (రకరకాల స్థితులను పంపి, ఫలితాలను కొలిచి గేటు పూర్తి స్వభావాన్ని రాబట్టే పద్ధతి) చేయాలని మా మేడం అన్నారు. చేస్తే ఆ స్వభావాన్ని అంకెల్లో చూపే కై మాత్రికలో ఒక ఐగెన్ విలువ రుణాత్మకంగా వచ్చింది. మొదటి పరీక్ష ఎందుకు చాలదు? ఈ రుణ విలువకు అర్థమేమిటి?
— ఒక విద్యార్థిని, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: సైన్సు చదువంతా ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగే సరిహద్దు జిల్లా నుంచి ఇంత సూక్ష్మమైన ప్రశ్న తెలుగులో రావడం మాకెంతో సంతోషం.

మీ మేడం చెప్పింది నిజం. 0ను 1గా, 1ను 0గా మార్చే పని వై గేటు కూడా చేస్తుంది. అంతేకాదు, క్వాంటం బిట్ అయిన క్యూబిట్‌ను తిప్పుతూనే, దానిలోని 0, 1 భాగాల మధ్య దశా సంబంధమైన ఫేజ్‌ను పూర్తిగా చెరిపివేసే పాడైన గేటు సైతం మీ పరీక్షలో నెగ్గుతుంది. ఈ మూడింటినీ వేరుచేయాలంటే 0, 1లను సమపాళ్లలో కలిపిన ప్లస్ స్థితిని పంపి, ఫలితాన్ని ఎక్స్ అక్షం మీద కొలవాలి. అసలైన ఎక్స్ గేటయితే ప్రతిసారీ ప్లస్ వస్తుంది. వై గేటయితే ప్రతిసారీ మైనస్ వస్తుంది. ఫేజ్ చెరిగిపోయి ఉంటే సగం సార్లు ప్లస్, సగం సార్లు మైనస్ వస్తాయి.

గేటు సాంద్రతా మాత్రికల (క్యూబిట్ స్థితిని వర్ణించే మాత్రికల) మీద రేఖీయంగా పనిచేస్తుంది కనుక 0, 1, ప్లస్, ప్లస్-ఐ (ప్లస్ లాంటిదే, ఫేజ్ మాత్రం పావు చుట్టు తేడా) అనే నాలుగు స్థితులు ఏమవుతాయో తెలిస్తే మిగిలిన స్థితులన్నీ ఏమవుతాయో లెక్కకట్టవచ్చు. ఒక్కొక్కదాన్ని మూడు అక్షాల మీద కొలిస్తే 12 సర్క్యూట్లు, అంటే యంత్రంపై నడిపే 12 వేర్వేరు పరీక్షలు, అవుతాయి. 1997లో ఐజాక్ చువాంగ్, మైకేల్ నీల్సన్ ఒక పత్రంలోనూ, పోయాటోస్, సిరాక్, జోలర్ మరొక పత్రంలోనూ ప్రాసెస్ టోమోగ్రఫీకి ఈ మార్గాన్ని చూపారు. రెండు క్యూబిట్ల గేటుకు 144 సర్క్యూట్లు, మూడింటికి 1,728 కావాలి; అందువల్ల పెద్ద యంత్రాన్ని మొత్తంగా ఇలా పరీక్షించడం సాధ్యపడదు.

ఇక రుణ విలువ సంగతి. భౌతికంగా జరగగల ఏ ప్రక్రియకైనా కై మాత్రిక ఐగెన్ విలువలు, అవి ప్రక్రియలోని భాగాల సంభావ్యతల్లాంటివి కనుక, సున్నాకు తగ్గకూడదు. అయితే మంచి గేటుకు ఒక విలువ 1కి దగ్గరగానూ, మిగిలిన మూడు సున్నాకు ఆనుకునీ ఉంటాయి కాబట్టి కొలతలో కొద్దిపాటి ఊగిసలాట ఉన్నా వాటిలో ఒకటి సున్నా దిగువకు జారుతుంది. సంభావ్యత సగం ఉన్నచోట 1,000 సార్లు కొలిచినా సుమారు 0.016 అనిశ్చితి మిగులుతుంది. కొలతలకు అత్యంత బాగా సరిపోయే, భౌతికంగా సాధ్యమైన మాత్రికను వెతికే గరిష్ఠ సంభావ్యతా పద్ధతితో సాఫ్ట్‌వేర్ ఈ రుణ విలువను సరిదిద్దగలదు గానీ, మొదటే ఆ పని చేయవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే దానితో రోగలక్షణమే కనబడకుండా పోతుంది. ముందు కొలతల సంఖ్యను పెంచి చూడండి. రుణ విలువ కుంచించుకుపోతే అది గణాంక దోషమే. ఎంత పెంచినా నిలిచి ఉంటే స్థితుల తయారీలోనో కొలతలోనో లోపం ఉందని అనుమానించాలి, ఎందుకంటే ఆ రెండూ నిర్దుష్టమన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నిలబడింది.

గేటు లేకుండా అవే 12 సర్క్యూట్లను మరొకసారి నడపండి. అప్పుడు తత్సమ ప్రక్రియ (స్థితిని ఏమాత్రం మార్చని ప్రక్రియ) నుంచి ఎంత తేడా వస్తే, ఆ తేడా గేటుది కాదు. దానిని తీసివేత లెక్కతో తొలగించడం మాత్రం కుదరదు. తయారీ, గేటు, కొలత మూడింటినీ కలిపి అంచనా వేసే గేట్ సెట్ టోమోగ్రఫీ అందుకోసమే వచ్చింది.