క్యాథ్ ల్యాబ్‌కా, సీటీ వైపుకా? ఒక నాన్నగారి డౌట్‌కి నా జవాబు

ఒక నాన్నగారు ఇలా అడిగారు: "వాళ్ళ తాతయ్యకి యాంజియోగ్రామ్ చేసినప్పటి నుంచి మా అమ్మాయి క్యాథ్ ల్యాబ్ టెక్నాలజిస్ట్ అవుతానంటోంది. నాకేమో రేడియేషన్ అంటే భయం. పైగా ఇప్పుడు సీటీ స్కాన్‌లోనే గుండె రక్తనాళాలు కనిపిస్తున్నాయంట, రేపు ఈ ఉద్యోగాలు ఉంటాయా?"

క్యాథ్ ల్యాబ్ అంటే క్యాథెటర్ అనే సన్నని గొట్టం రక్తనాళంలోకి దూర్చి, ఎక్స్‌రేలో చూస్తూ గుండె నాళాల బ్లాకులు కనిపెట్టే, తెరిచే గది. సార్, ముందు రెండోది తేల్చేద్దాం. సీటీ యాంజియో బాగా పనికొచ్చేది బ్లాక్ లేదు అని చెప్పడానికి. చేతి నరంలో అయోడిన్ డై (నాళాలు బొమ్మలో కనపడేలా చేసే మందు) ఎక్కిస్తారు, గుండె నిమిషానికి 60 దరిదాపుల్లో కొట్టుకునేలా మందు ఇస్తారు, ఫొటో అదరకుండా వస్తుంది. కానీ నాళంలో కాల్షియం గట్టిగా పేరుకుని ఉంటే అది తెల్లగా మెరిసి అసలు దారి ఎంతుందో కనపడనివ్వదు, చిన్న స్టెంట్ ఉన్నా అదే తంటా. అన్నిటికంటే ముఖ్యం, సీటీ చూపించగలదు గానీ బ్లాక్ తెరవలేదు, హార్ట్ ఎటాక్‌తో వచ్చినాయన్ని తీసుకెళ్ళేది క్యాథ్ ల్యాబ్‌కే. కాబట్టి ఊరికే చూడ్డానికి చేసే యాంజియోలు కొన్ని తగ్గొచ్చు, ల్యాబ్ మాత్రం ఎక్కడికీ పోదు.

అసలు అక్కడ టెక్నాలజిస్ట్ ఏం చేస్తాడో చాలామందికి తెలీదు, మెషిన్ బటన్లు నొక్కడం అనుకుంటారు. ఆ పని ఎంత సున్నితమో చూడండి. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టర్ మహాధమనిలో డై కొట్టబోతుంటే క్యాథెటర్ జారి కుడి కరొనరీలోకి (గుండెకే రక్తం ఇచ్చే నాళం) దూరింది, డై అంతా అందులోకే పోయింది, పేషెంట్ గుండె కొన్ని సెకన్లు ఆగింది, గట్టిగా దగ్గమంటే మళ్ళీ మొదలైంది. కరొనరీ యాంజియోగ్రామ్ అనే ఈ టెస్ట్ పుట్టిందే అలా! ఇప్పటికీ క్యాథెటర్ నాళం మూతికి బిగుసుకుపోతే మానిటర్ మీద ప్రెషర్ గీత చప్పగా పడిపోతుంది. డాక్టర్ కళ్ళు ఎక్స్‌రే బొమ్మ మీదుంటాయి, ఆ గీత చూసి "సార్, ప్రెషర్ డ్యాంప్ అవుతోంది" అని వెంటనే అరవాల్సింది మీ అమ్మాయే. డై లైన్లో గాలి బుడగ ఉందా చూడ్డం, ఎఫ్ఎఫ్ఆర్ వైర్ (బ్లాక్ దాటాక ప్రెషర్ ఎంత తగ్గిందో కొలిచేది) పెడితే రీడింగ్ 0.80 లేదా అంతకంటే తక్కువుందా, అంటే బ్లాక్ రక్తాన్ని నిజంగా అడ్డుకుంటోందా చూసి చెప్పడం కూడా ఆ టీమ్ పనే. పెద్ద డాక్టర్ ముందు నోరు విప్పడానికి మొహమాటపడే పిల్లైతే ఇక్కడ కష్టం.

రేడియేషన్ భయం తప్పు కాదు, అలాగని వద్దనేంత కాదు. గదిలో స్టాఫ్‌కి తగిలేది ఎక్కువగా పేషెంట్ ఒంటి మీద నుంచి చెదిరొచ్చే కిరణాలు, దూరం రెట్టింపైతే డోస్ దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. అంతర్జాతీయంగా సిఫార్సు చేసే పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ కాలర్, డోస్ కొలిచే బ్యాడ్జ్ ఇస్తారు. బ్యాడ్జ్ డ్రాయర్లో పడేసి తిరిగే సీనియర్లుంటారు, వాళ్ళని చూసి నేర్చుకోవద్దని ఇప్పుడే చెప్పండి. నిజం చెప్పాలంటే నాకు రేడియేషన్ కంటే ఆ ఏప్రాన్ బరువే భయం, ఏళ్ళ తరబడి మోస్తే నడుం నొప్పి మామూలే. ప్రెగ్నెన్సీ టైంలో రూల్స్ వేరే, ముందే చెప్తే డ్యూటీ మారుస్తారు.

అర్ధరాత్రి ఫోన్ రాగానే పరిగెత్తాలి, అది ఆమెకి ఓకేనా అడగండి. కాదంటే సీటీ, ఎకో (శబ్ద తరంగాలతో గుండెని చూసే స్కాన్) వైపు వెళ్ళొచ్చు, అక్కడ హడావుడి తక్కువ. ఎకోలో అసలు రేడియేషనే ఉండదు, కాకపోతే కరొనరీ బ్లాకులు అందులో నేరుగా కనపడవు, గుండె గోడ కదలిక బట్టి అనుమానించాలి. ఏ కోర్సైనా ఫీజు కట్టే ముందు ఒక్కటే అడగండి, స్టూడెంట్స్‌ని నిజంగా నడుస్తున్న ల్యాబ్‌లో ఎన్ని నెలలు నిలబెడతారు? జవాబు నసిగితే లేచి వచ్చేయండి.