పాపను ఎత్తుకోవాలంటే భయం, ఎత్తుకోకపోతే దిగులు

ప్రశ్న: నా వయసు 32 సంవత్సరాలు. మాకు తొలి కాన్పులో పాప పుట్టింది. నా భార్యకు సిజేరియన్ కావడంతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికి వచ్చి తొమ్మిది రోజులైంది. ఈ రోజుల కోసం ఎంతగానో ఎదురుచూశాను కానీ, పాపను చేతుల్లోకి తీసుకున్నప్పుడు అందరూ చెప్పే ఆనందం నాకు కలగలేదు. భయమే కలిగింది. రాత్రిళ్లు ఊపిరి ఆడుతోందో లేదోనని మాటిమాటికీ లేచి చూస్తున్నాను. నేను ఎత్తుకోగానే పాప ఏడుస్తుంది. వెంటనే మా అత్తగారు ‘ఇటివ్వండి బాబూ’ అంటూ తీసుకుంటారు. వాళ్లు ముగ్గురూ ఒక లోకం, నేను మందులు తెచ్చిపెట్టే మనిషిని. మొన్న రాత్రి పాప ఎంతకీ ఏడుపు ఆపకపోతే నాకు పట్టరాని కోపం వచ్చింది. పాపను ఎత్తుకుని మెట్లు దిగుతుంటే చేజారి పడిపోయినట్టు ఊహలు వస్తున్నాయి. నేను తండ్రిగా పనికిరానా? ఇవన్నీ నా భార్యకు చెప్పవచ్చా? మరో వారంలో ఉద్యోగానికి తిరిగి వెళ్లాలి.

జవాబు: మీరు ఒకే బరువుగా మోస్తున్నవి నిజానికి వేర్వేరు సంగతులు. ఆనందం కలగకపోవడం ఒకటి, పాప ఊపిరి గురించిన భయం మరొకటి, ఇంట్లో మీకు చోటు లేదనిపించడం ఇంకొకటి, కోపమూ చెడు ఊహలూ వేరొకటి. వీటిలో ఏ ఒక్కటీ మిమ్మల్ని పనికిరాని తండ్రిని చేయదు. అయితే కోపం విషయంలో ఈ రోజు నుంచే ఒక ఏర్పాటు చేసుకోవాలి కాబట్టి, మీరు చివర రాసిన దానితోనే నేను మొదలుపెడతాను.

పసిబిడ్డల ఏడుపు సాధారణంగా రెండో వారం నుంచి పెరుగుతూ వచ్చి, ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుంది. అంటే మీ పాప ఏడుపు ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి కాదు; ముందుగా తెలియకపోతే ఆ పెరుగుదలను కూడా మీ చేతకానితనం కిందే జమ వేసుకుంటారని చెబుతున్నాను. ఆకలి, తడి, ఉక్క లేదా చలి, కడుపులో చిక్కుకున్న గాలి, ఇవన్నీ చూసిన తర్వాత కూడా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుక్కపట్టి ఏడవవచ్చు. అలాంటి వేళ మీకు కోపం తన్నుకొస్తున్నదని తెలిసిన క్షణంలోనే పాపను తన పడకలో వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటకు వచ్చి, ఇంట్లో ఉన్నవారిని పిలవండి. ఎవరూ లేకపోతే కొన్ని నిమిషాలు ఆగి, మీ ఊపిరి కుదుటపడిన తర్వాతే తిరిగి లోపలికి వెళ్లండి. పడకలో పడుకుని ఆ కొద్ది నిమిషాలు ఏడ్చినందువల్ల బిడ్డకు హాని జరగదు. విసుగులో బిడ్డను పట్టుకుని కుదిపితే మాత్రం, అది కొన్ని సెకన్లే అయినా, మెదడులో రక్తస్రావమై చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మీరు అలా చేస్తారని నేను అనుకోవడం లేదు. కానీ నిద్రలేని మనిషి తన మీద తాను పెట్టుకునే నమ్మకం కంటే, ముందే అనుకుని పెట్టుకున్న ఏర్పాటు మేలు.

మెట్ల మీద చేజారినట్టు వచ్చే ఊహల సంగతి వేరు. బిడ్డకు ఏదో ప్రమాదం జరిగిపోయినట్టు, ఒక్కోసారి తమ చేతుల మీదుగానే జరిగినట్టు కళ్లముందు మెదలడం కొత్తగా తల్లిదండ్రులైనవారిలో చాలా మందికి ఉండేదే. తల్లులకూ ఉంటుంది. సిగ్గుపడి ఎవరూ పైకి చెప్పరు, అంతే. ఆ ఊహ వచ్చి మీరు ఉలిక్కిపడుతున్నారంటే అది మీ కోరిక కాదు, మీ భయం. ఊహ వచ్చినప్పుడు దానితో వాదించకుండా, గోడవైపు చేతికి ఆధారం చూసుకుని నెమ్మదిగా మెట్లు దిగండి. అయితే, ఆ ఊహలు భయపెట్టడం మానేసి ‘అలా చేస్తే బాగుండు’ అనిపించే స్థితికి వచ్చినా, ఎవరో చేయమని చెబుతున్నట్టు వినిపించినా, పాపను ఇంట్లోవారికి అప్పగించి అదే పూట వైద్యుల వద్దకు వెళ్లాలి.

ఇక ఆనందం సంగతి. మీ భార్యకు ఆ బిడ్డతో నెలల తరబడి పరిచయం ఉంది. కదలిక తెలుసు, నిద్రవేళ తెలుసు. మీకు పరిచయమై ఇంకా రెండు వారాలు కూడా నిండలేదు. పైగా ఈ వయసులో బిడ్డ నుంచి తిరిగి వచ్చేది చాలా తక్కువ. కొత్తగా పుట్టిన బిడ్డకు ముప్పై సెంటీమీటర్ల లోపు ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. మనిషిని చూసి నవ్వడం దాదాపు ఆరు వారాలకు గానీ మొదలవదు. గొంతు విషయంలోనూ మీరు కాస్త వెనకబడే ఉన్నారు: పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే బిడ్డలు తల్లి గొంతువైపు మొగ్గు చూపుతారని, తండ్రి గొంతును మరో మగ గొంతు నుంచి వేరుగా గుర్తించగలిగినా దానిమీద ప్రత్యేకమైన మక్కువ చూపరని 1980ల్లో జరిగిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి మీ చేతుల్లో పాప ఏడవడం మీ మీద తీర్పు కాదు. ఆ వాసన, ఆ గొంతు, ఆ పట్టు ఆమెకు ఇంకా కొత్త.

ఈ దగ్గరితనం ముందు మనసులో పుట్టి ఆ తర్వాత చేతుల్లోకి వస్తుందని మీరు ఎదురుచూస్తున్నట్టున్నారు. చాలా మంది తండ్రుల విషయంలో జరిగేది ఇందుకు తలకిందులుగా ఉంటుంది: చేతులు పనిలో పడిన తర్వాతే మనసు వెంట వస్తుంది. శరీరం కూడా ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది. ఫిలిప్పీన్స్‌లో కొందరు యువకులను తండ్రులు కాకముందూ అయిన తర్వాతా పరీక్షించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, తండ్రులైనవారిలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ తగ్గిందని, రోజుకు మూడు గంటలకు పైగా పిల్లల పనులు చేసేవారిలో అది మరింత తక్కువగా ఉందని కనిపించింది. అంటే బిడ్డ పనులకు తగ్గట్టు శరీరమూ మారుతుందనిపిస్తుంది.

అందుకే నా సలహా: సాయం చేసే మనిషిగా ఉండకండి, ఒక పనికి పూర్తి బాధ్యులు కండి. ‘ఏమైనా చేయమంటారా’ అని అడుగుతూ గుమ్మంలో నిలబడిన మనిషికి మందుల చీటీయే చేతికి వస్తుంది. మీ పరిస్థితిలో నాకు సరైనదిగా తోచేది పాలు తాగిన తర్వాతి పని. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. అన్నిసార్లూ ఎవరో ఒకరు పాపను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి, తడి మార్చాలి, పడుకోబెట్టాలి. శస్త్రచికిత్స కుట్లతో ఉన్న మీ భార్యకు మాటిమాటికీ లేచి వంగడం కష్టం. మీరు ఇంట్లో ఉన్నంతసేపూ, పగలైనా రాత్రైనా, ఈ పని మీదేనని ఇంట్లో చెప్పండి. ఒక అరచేయి మెడకూ తలకూ ఆసరాగా, రెండో చేయి నడుము కింద ఉంచి, మీ ఛాతీకి దగ్గరగా తీసుకోండి. భయపడి ఒంటికి దూరంగా పట్టుకుంటే బిడ్డకు ఆధారం లేనట్టనిపించి ఇంకా ఏడుస్తుంది. రోజులో ఒకసారి చొక్కా విప్పి, పాపను డైపర్‌తో మాత్రమే మీ గుండెల మీద బోర్లా ఆనించుకుని, తల ఒక పక్కకు తిప్పి, వీపు మీద పలుచటి దుప్పటి కప్పుకుని కూర్చోండి. కొలంబియాలోని బొగోటాలో 1978లో ఎడ్గార్ రే అనే వైద్యుడు నెలలు నిండని బిడ్డల కోసం మొదలుపెట్టిన ‘కంగారూ’ పద్ధతి ఇదే. ఇప్పుడు ఇందులో తండ్రులూ పాల్గొంటున్నారు. ఒక్క జాగ్రత్త: మీకు కునుకు వస్తున్నట్టుంటే వెంటనే పాపను పడకలోకి మార్చండి, సోఫాలోనో కుర్చీలోనో గుండెల మీద బిడ్డతో నిద్రపోవడం ప్రమాదకరం.

మీ అత్తగారి విషయంలో మీరు అవమానపడవలసింది ఏమీ లేదని నా అభిప్రాయం. పిల్లల్ని పెంచిన చేతులు ఏడుపు వినగానే వాటంతట అవే ముందుకు వస్తాయి. అలాగని ప్రతిసారీ ఇచ్చేస్తే మీకు చేయి తిరిగే అవకాశమే ఉండదు. ఈసారి ఆవిడ చేతులు చాచినప్పుడు, ‘అత్తయ్యా, ఇంకాసేపు నన్నే చూడనివ్వండి, ఎక్కడ పొరపాటు పడుతున్నానో పక్కనుండి చెప్పండి’ అనండి. ఆవిడను పక్కకు తప్పుకోమనడం కంటే నేర్పమని అడగడం ఇద్దరికీ గౌరవం. ఆవిడ చెప్పినదానికీ వైద్యులు చెప్పినదానికీ తేడా వస్తే మాత్రం ఆవిడతో వాదన పెట్టుకోకుండా, వైద్యుల మాట ప్రకారమే చేద్దామని మీరూ మీ భార్యా ఒకే మాటగా చెప్పండి.

ఊపిరి గురించిన భయానికి కొంత సమాచారమే మందు. పసిబిడ్డ నిమిషానికి 30 నుంచి 60 సార్లు శ్వాస తీసుకుంటుంది. అదీ సమంగా ఉండదు. గబగబా తీసుకుని, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. మీరు అర్ధరాత్రి లేచి చూసి అదిరిపడింది బహుశా ఈ విరామాన్ని చూసే. విరామం 20 సెకన్లకు చేరినా, పెదవులు నీలంగా మారినా, మూలుగుతున్నా, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, చేరినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా అంతే. పాపను వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీద, దిండ్లూ మెత్తటి బొమ్మలూ లేకుండా, మీ గదిలోనే వేరే పడకలో పడుకోబెట్టండి. ఆ గదిలో ఎవరూ పొగ తాగకూడదు. ఇవి పాటించిన తర్వాత రాత్రిని ఇద్దరూ వంతులుగా పంచుకుని, మీ వంతు కానప్పుడు నిజంగా నిద్రపొండి. రోజుకు ఆరు అంతకంటే ఎక్కువ సార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నాయనడానికి మంచి గుర్తు. మొదటి రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. మీ పాప సరిగ్గా ఆ దగ్గర్లో ఉంది కాబట్టి ఒకసారి తూకం వేయించండి. కళ్లలో, చర్మంలో పసుపు ఇంకా కనిపిస్తుంటే అదీ చూపించండి.

మీ భార్య గురించి మీరు చాలా తక్కువ రాశారు. ప్రసవమైన మొదటి రోజుల్లో కారణం లేకుండా కన్నీళ్లు రావడం, విసుగు, బెంగ చాలా మంది బాలింతల్లో కనిపించి, రెండు వారాల్లోపు సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, ‘నేను లేకపోతేనే నయం’ వంటి మాటలు వినిపిస్తే, అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. చికిత్సకు లొంగుతుంది, ఆలస్యం మాత్రం చేయకూడదు. లేనివి కనిపిస్తున్నట్టు, వినిపిస్తున్నట్టు ప్రవర్తిస్తే అది ఆ గంటలోనే వైద్యులకు చూపించవలసిన స్థితి. జ్వరం, కుట్ల వద్ద చీము, ఆగని రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టడం, ఆయాసం కూడా అశ్రద్ధ చేయరానివి.

తండ్రుల్లోనూ దాదాపు పది మందిలో ఒకరు ఈ కుంగుబాటుకు లోనవుతారు. బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసులో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మగవారిలో ఇది ఏడుపుగా కాక చిరాకుగా, మద్యంగా, ఇంటికి ఆలస్యంగా రావడంగా బయటపడటం వల్ల ఎవరూ గుర్తుపట్టరు. మీ ఉత్తరాన్ని బట్టి మీకు అది ఉందని చెప్పలేను. నిద్రలేమీ కొత్తదనమూ ఇంత పని చేయగలవు. కానీ ఇలాగే రోజులో ఎక్కువ భాగం నిస్సారంగా రెండు వారాలకు పైగా గడిస్తే మనోవైద్యులను కలవండి. ఈ కుంగుబాటును గుర్తించడానికి 1987లో తల్లుల కోసం తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిని ఇప్పుడు తండ్రులకూ వాడుతున్నారు. అందులో ఉన్నవి పది ప్రశ్నలే.

భార్యకు చెప్పవచ్చా అని అడిగారు. చెప్పండి, ఉద్యోగానికి వెళ్లేలోపే చెప్పండి. మీరు బయటికి వెళ్లడం మొదలుపెట్టాక మీ మౌనానికి ఆమె వేరే అర్థం చెప్పుకునే ప్రమాదం ఉంది. అర్ధరాత్రి పాలిస్తున్నప్పుడు కాకుండా, పగలు పాప నిద్రపోయి అత్తగారు పక్క గదిలో ఉన్నప్పుడు కూర్చోండి. ‘నాకు పాప మీద ప్రేమ కలగడం లేదు’ అని మొదలుపెట్టకండి; కుట్ల నొప్పితో ఉన్న మనిషికి అది తన బిడ్డను కాదన్నట్టు వినిపిస్తుంది, పైగా మీ విషయంలో అది పూర్తి నిజం కూడా కాదు. ‘ఎత్తుకోవాలంటే భయంగా ఉంది, మీ ఇద్దరి మధ్యకు ఎలా రావాలో తెలియడం లేదు, మొన్న రాత్రి నాకు చాలా కోపం వచ్చింది, మళ్లీ వస్తే పాపను పడుకోబెట్టి నిన్ను పిలుస్తాను’ అని చెప్పండి. ఆ వెంటనే నీకెలా ఉందని అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా సమాధానం ఇవ్వకుండా వినండి. తనకూ ఇలాగే ఉందని ఆమె అంటే, కుట్లు చూపించడానికి వెళ్లే రోజున ఇద్దరి సంగతీ వైద్యులకు చెప్పండి.