మీ ప్రశ్న – మా జవాబు: జంతువులు మాట్లాడితే సాహిత్యమేనా?

ప్రశ్న: మా పఠన బృందంలో జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ చదివాం. స్టాలిన్ మీద రాసిన కరపత్రమని ఒకరు, గొప్ప నవల అని ఇంకొకరు. రాజకీయాన్ని పక్కనపెట్టి సాహిత్య విలువ తేల్చవచ్చా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: రాజకీయాన్ని పక్కనపెడితే అందులో మిగిలేది తక్కువే. పక్కనపెట్టాల్సింది ఎవరు ఎవరన్న జాబితాను. 1945లో వచ్చిన ఈ నవలికలో జంతువులు యజమానిని తరిమేసి కమతాన్ని చేజిక్కించుకుంటాయి, పెత్తనం పందుల చేతికి పోతుంది. నెపోలియన్ అనే పంది సోవియట్ నేత స్టాలిన్, స్నోబాల్ అనే పంది ఆయన ప్రత్యర్థి ట్రాట్‌స్కీ. ఈ సంగతి తెలియని ఇంటర్ విద్యార్థి చేతికి పుస్తకమిచ్చి, ఎక్కడ కదిలిపోతాడో, ఎక్కడ విసుక్కుంటాడో చూడండి.

జబ్బుపడ్డ గుర్రం బాక్సర్‌ను ఆసుపత్రికని బండెక్కిస్తారు. బండి మీది అక్షరాలను బెంజమిన్ అనే గాడిద చదువుతుంది: అది గుర్రాలను కోసేవాడి బండి. లోపల గిట్టల చప్పుడు కాసేపు వినబడి, సన్నగిల్లి ఆగిపోతుంది. రష్యా పేరు విననివాడికీ ఇది గుచ్చుకుంటుంది. అదే కలప బేరం చూడండి. పక్క కమతం యజమాని ఫ్రెడరిక్ దొంగనోట్లిచ్చి కలప పట్టుకెళ్తాడు, ఆపై దాడిచేసి జంతువులు కట్టిన గాలిమరను పేల్చేస్తాడు. 1939 నాటి జర్మనీ–సోవియట్ ఒప్పందం, 1941లో సోవియట్ మీద జర్మనీ దండయాత్ర తెలిస్తేనే ఇందులో పస. తెలియకపోతే కథ చరిత్ర వెనకాల పరిగెడుతున్నట్టుంటుంది. మా దృష్టిలో పుస్తకం బలహీనపడేది అక్కడే.

తర్వాత భాష చూడాలి. మంచాల మీద పడుకోకూడదని జంతువులు గోడమీద రాసుకున్న సూత్రంలో, పందులు మంచాలెక్కాక, దుప్పట్ల ప్రస్తావన చేరుతుంది. చంపకూడదన్న సూత్రంలో ‘కారణం లేకుండా’ అని చేరుతుంది. తిట్టు లేదు, వ్యాఖ్యానం లేదు. ఆ మాట చేరడమే సంఘటన. కరపత్రమైతే అక్కడ ఉపన్యాసం పడేది.

మన పంచతంత్రంలోని మిత్రభేదాన్నీ ఇలాగే చదవండి. ఎద్దు రంకె విని పింగళకుడనే సింహం నీళ్లు తాగకుండా వెనుదిరుగుతుంది. దమనకుడనే నక్కకు ఆ భయమే పెట్టుబడి. ఆ సింహం ఏ రాజుకు గుర్తో చిన్నయసూరి పాఠకులెవరూ అడగరు, అక్కర్లేదు కూడా.

ప్రశ్న: నేటి నాయకుల మీద జంతుకథ రాశాను. కొందరు అర్థం కాలేదన్నారు, కొందరు మరీ తెలిసిపోతోందన్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే. కథ పేర్ల మీద నిలబడింది, పనుల మీద కాదు. కండువా రంగు, ఊతపదాలు తీసేయండి. వచ్చే ఎన్నికలకే పాతబడతాయి. ప్రతి జంతువూ ఏం తింటుందో, దేనికి జడుస్తుందో రాసుకోండి. నక్క అంటే జిత్తులు, గొర్రె అంటే అమాయకత్వం అని సరిపెట్టుకోవద్దు. ఆర్వెల్ గొర్రెలు ఎవరైనా అడ్డుచెప్పబోతే నినాదం అందుకుని ఆ గొంతును ముంచేస్తాయి. అమాయకత్వానికి అంత పని ఇచ్చాడాయన. చివర నీతి పేరా ఉంటే కొట్టేసి, కొత్తవాళ్లతో చదివించండి. అప్పుడు అర్థం కాలేదంటే ముగింపును దిద్దకండి, మధ్యలో ఎక్కడో ఒక సంఘటన తక్కువైంది.