మరదలు చూస్తుందని మందులు మొదలుపెట్టలేదు

ప్రశ్న: నా వయసు 36. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో నాకు హెచ్‌ఐవీ ఉందని తేలింది. గాంధీ ఆసుపత్రికి వెళ్లమన్నారు. మా మేనత్త కూతురు అక్కడే నర్సు. నాలుగు నెలలైనా అడుగు ముందుకు పడలేదు. ఒంట్లో ఏ బాధా లేదు. నా భార్యకు ఇంకా చెప్పలేదు. ఏం చేయాలి?

జవాబు: నాలుగు నెలలుగా ఈ బరువు ఒక్కరే మోస్తున్నారు. జబ్బుకన్నా మరదలి కళ్లకే మీరు ఎక్కువ భయపడుతున్నారు. ఆ భయాన్ని తప్పుపట్టను; బంధువుల్లో ఒక మాట ఎంత వేగంగా పాకుతుందో నాకు తెలుసు. మరి గాంధీకే ఎందుకు వెళ్లాలి? ఉస్మానియా ఆసుపత్రిలోనూ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఉంది, మీ ఇంటికి అదే దగ్గర. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆసుపత్రి సిబ్బంది మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. రేపు మీ మరదలికే తెలిసినా, ఆమె వాటిని బంధువులకు చెప్పకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో మీకు ఆపరేషన్ చేయబోమనడానికీ ఆ చట్టం ఒప్పుకోదు.

ఒంట్లో బాధ లేదన్న మాటే నన్ను కలవరపెడుతోంది. ఈ వైరస్ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా రోగనిరోధక శక్తిని తినేస్తుంది. చాలామందికి క్షయ సోకాకే సంగతి బయటపడుతుంది. రోగనిరోధక శక్తికి ఆధారమైన సీడీ4 కణాలు తగ్గేదాకా మందులు మొదలుపెట్టకుండా ఆగే పద్ధతి 2017లోనే పోయింది. ఇప్పుడు పాజిటివ్ అని తేలిన వెంటనే మొదలుపెడతారు. ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం, చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం ద్వారా అది మీ నుంచి మరొకరికి సోకదు.

మీ భార్య విషయంలో మాత్రం మిమ్మల్ని ఓదార్చి ఊరుకోలేను. ఆమెకు పరీక్ష జరగాలి. ఒకవేళ ఆమెకూ సోకి ఉంటే, గడిచే ప్రతి నెలా చికిత్స లేకుండానే పోతుంది. పిల్లలుంటే వారి పరీక్ష గురించీ అప్పుడు ఆలోచించాలి. సంగతి చెబితే మీ భార్యకు కోపం వస్తుంది, ఏడుస్తుంది, ‘ఎప్పటి నుంచి, ఎలా’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నలకు అబద్ధం చెప్పకండి. ఒక్కరే చెప్పలేకపోతే ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌ను అడగండి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.

ఈ వారంలోనే ఒక ఉదయం రిపోర్టు తీసుకుని ఉస్మానియాకు వెళ్లండి. వెళ్లే ముందు ఏదైనా అడగాలనిపిస్తే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయండి, డబ్బు పడదు. మీరు వేసుకునే గ్యాస్, కాల్షియం, ఐరన్ మాత్రల గురించి డాక్టరుకు మొదటి రోజే చెప్పండి, కొన్ని హెచ్‌ఐవీ మందులు వాటితో కలిస్తే సరిగా పనిచేయవు.